నిలబడ్డ బండికి గాలి

ఆ ఎండాకాలం మా ఇంట్లో గొడవంతా ఒక ఫ్యాన్ గురించి. గదిలో తిరిగే ఫ్యాన్ కాదు, లారీ ముక్కులో తిరిగేది.

అంతకు ముందటి ఎండల్లో మా డిపో డ్రైవరొకాయన గోడౌన్ ముందు క్యూలో స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. నిద్రపోతున్నాడనుకుని వెనక బండ్లవాళ్ళు హారన్ కొట్టారు. పావుగంట కొట్టారు. మనిషి బతికాడు గానీ మళ్ళీ బండెక్కలేదు. అందరూ తలరాత అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రేకు క్యాబిన్‌లో మనిషిని నాలుగు గంటలు ఉడకబెట్టి తలరాత అంటారా? డిపో గేటు ముందు ఆయిల్ డ్రమ్మెక్కి అదే అడిగాను. నేను డ్రైవర్ని కాదు, ఆ డిపో బండ్లకి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ని. నాకు ఎవరూ నేర్పలేదు, కాలిపోయిన తీగలు నేర్పాయి. డ్రమ్ము మీంచి మాట్లాడటమూ అంతే.

ఏడాది అరిస్తే మేనేజరు ఒక మెట్టు దిగాడు. పన్నెండు పాత లారీల్లో ఒక్కదానికి ఏసీ పెట్టి చూద్దామన్నాడు.

"కానీ ఒకటి. ఎండలు పోయేలోపు ఆ బండి రెండుసార్లు మరిగిందంటే ఏసీ పీకి పారేస్తా. మళ్ళీ ఎవరూ ఆ మాటెత్తకూడదు. మరగకపోతే అన్నిటికీ పెట్టిస్తా. సరేనా ఎలక్ట్రీషియనమ్మా?"

సరేనన్నాను. ఏ బండికి పెట్టాలో కూడా నేనే చెప్పాను. అన్నిటికంటే ముసలిదానికి. దాంట్లో నిలబడితే దేంట్లోనైనా నిలబడుతుంది. అది మా అన్నయ్య బండి.

పాత లారీకి ఏసీ పెట్టడమంటే మోకాళ్ళ నొప్పులాయన నెత్తిన నీళ్ళబిందె పెట్టడం. రేడియేటర్ ముందు ఏసీది ఇంకో జాలీ బిగిస్తారు. క్యాబిన్‌లోని వేడంతా దాంట్లోంచే బయటికి పోవాలి. బండి పరిగెడుతుంటే చింత లేదు, గాలి తనంతట తానే వచ్చి కొడుతుంది. నిలబడితేనే చావు. బెల్టు మీద తిరిగే పాత ఫ్యాన్ అప్పుడు బద్ధకంగా తిరుగుతుంది. జాలీ వేడీ ఇంజన్ వేడీ కలిసి చూస్తుండగానే నీళ్ళు మరుగుతాయి. అందుకని ముందువైపు రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టారు. అవి ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చూడటం నా పని.

"ఏసీ వేస్తే ఫ్యాన్లు వాటంతటవే తిరుగుతాయి. ఏసీ లేకపోయినా నీళ్ళు వేడెక్కితే తిరుగుతాయి. నువ్వు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు" అన్నాను, బానెట్ కింద తల దూర్చి.

అన్నయ్య బంపర్ మీద కూర్చుని ఉన్నాడు. పలకలేదు. తల బయటికి తీసి మళ్ళీ చెప్పాను.

"అంటే బండి నడిపేది నేనా, నీ తీగలా?"

"నువ్వు మర్చిపోతే?"

"చిన్నప్పుడు నిన్ను బడి నుంచి తీసుకురావడం ఒక్కరోజైనా మర్చిపోయానే? ఒక స్విచ్ పెట్టు, చాలు. ఫ్యాన్ తిరుగుతోందో లేదో నా చెవి చెప్పదా?"

మా డిపోలో మీటర్లు చూసే డ్రైవర్‌ని చూసి నవ్వుతారు. సగం బండ్లలో మీటర్లు చచ్చిపోయి ఏళ్ళయింది. ఇంజన్ మంచీ చెడూ చెవితోనే తెలుసుకోవాలి. అందులో మా అన్నయ్య చెవి అంటే అందరికీ గురి. తమ బండి స్టార్ట్ చేసి, "అన్నా, ఒకసారి విని చెప్పు" అని పిలుచుకుపోయేవాళ్ళు. ఈ మధ్య వినేముందు బానెట్ మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. పెద్దరికం వచ్చేకొద్దీ అలాంటి వేషాలు వస్తాయిలే అనుకున్నాం.

నేను మేనేజర్ మాట వినను. పోలీసు మాట వినను. అన్నయ్య మాట విన్నాను. చేతి స్విచ్ పెట్టాను. ఆ ఎండాకాలంలో నేను చేసిన తప్పు అది.

మాది రెండు గదుల ఇల్లు. నేనూ, అన్నయ్యా, వదినా. వారం పది రోజుల ట్రిప్పు ముగించుకుని అన్నయ్య సందు మొదట్లోకి వచ్చాడంటే రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్. అది వినగానే వదిన పొయ్యి మీద స్నానానికి నీళ్ళు పెట్టేది, నేను వెళ్ళి గేటు తీసేదాన్ని. చిన్నప్పటినుంచీ అంతే. పొడుగు హారన్ నాది, పొట్టివి రెండూ వదినవి అనేవాడు. "నాకు రెండు, దానికి ఒకటే" అని వదిన. "నాది పొడుగు" అని నేను. ఇరవయ్యేళ్ళుగా తెగని తగువు.

ఏసీ పెట్టిన మూడో వారంలో గోడౌన్ నుంచి ఫోనొచ్చింది. బండి మరిగింది.

నేను వెళ్ళేసరికి అన్నయ్య రేడియేటర్ మూత మీద తడి గోనె కప్పి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆయన నా ముందు తల దించుకోవడం అదే మొదటిసారి. ఫ్యూజు తీసి చూస్తే నల్లగా మాడిపోయి ఉంది. నేను వేసిన తీగ సన్నం, ఫ్యూజు చిన్నది. రెండు ఫ్యాన్లు లాగే కరెంటుకి అవి సరిపోలేదు.

"తప్పు నాది, నీది కాదు" అన్నాను.

వెనక బండి డ్రైవర్ దిగి వచ్చాడు. నెమ్మది మనిషి, అందరూ తాబేలు అంటారు. "ఫ్యాన్ ఆగి చాలాసేపయింది చెల్లెమ్మా. పక్కకి దిగి చూశా, తిరగట్లేదు. హారన్ కొట్టి చెయ్యి ఊపాను. మీ అన్న అద్దంలోంచి చూసి నాకు తిరిగి చెయ్యి ఊపాడు. టాటా!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత బుద్ధిలేని నవ్వో.

మేనేజరు తన గది గోడ మీద సుద్దముక్కతో ఒకటి అని అంకె వేశాడు. ఇంకొక్కటి చాలు. లావు తీగ వేశాను, పెద్ద ఫ్యూజు పెట్టాను. బరువంతా చేతి స్విచ్ మీద పడకుండా మధ్యలో రిలే ఒకటి బిగించాను, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే డబ్బా అది. అయినా మనసు ఆగక తర్వాతి ట్రిప్పుకి నేనూ బండెక్కాను.

గోడౌన్ ముందు ముప్పై బండ్లు. మధ్యాహ్నం రెండు గంటలు. మిగతా బండ్ల కింద నీడలో డ్రైవర్లు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. మేమిద్దరం అద్దాలెత్తుకుని చల్లటి క్యాబిన్‌లో. అన్నయ్య భుజం మీది తువ్వాలు తీసి మెడకి చుట్టుకున్నాడు.

"చలేస్తోందే! ఈ ఎండలో నాకు చలేస్తోందని రాసి పెట్టు నీ కరపత్రంలో."

"నువ్వే వచ్చి డ్రమ్మెక్కి చెప్పు."

"నాకు డ్రమ్ము ఎక్కడం రాదు, దాంట్లో ఆయిల్ పోయడమే వచ్చు."

ఆ రోజు ఆయన ముఖం ఎలా ఉందో నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. నుదుటి మీద చెమట లేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎండాకాలంలో ఆ నుదురు పొడిగా ఉండటం చూడలేదు. చేతులు స్టీరింగ్ మీద వదులుగా పెట్టుకుని, ముందు బండి వెనక రాసిన అక్షరాలు చదువుకుంటున్నాడు.

ఫ్యాన్ల మోత టక్కున ఆగింది.

అది చిన్న మోత కాదు. బండి ముక్కులో తేనెటీగల గుంపులా ఝుమ్మంటూ ఉంటుంది. ఆగితే క్యాబిన్ ఖాళీ అయినట్టుంటుంది. నేను అన్నయ్య వైపు చూశాను, ఏసీ ఆపడానికి స్విచ్ మీదికి ఆయన చెయ్యి ఎప్పుడు పోతుందా అని.

ఆయన నావైపు తిరిగి నవ్వాడు. "ఎంత చక్కగా తిరుగుతోందో విన్నావా? నీ చేతి పని."

"ఊఁ" అన్నాను.

కాళ్ళు పట్టేశాయని చెప్పి కిందికి దిగాను. ముందు రేకు ఎత్తి చూస్తే రిలే గూట్లోంచి సగం ఊడి వచ్చి ఉంది, గతుకులకి. బొటనవేలితో నొక్కాను. ఫ్యాన్లు అందుకున్నాయి. వేడిగాలి నా ముఖానికి కొట్టింది. అక్కడే కాసేపు నిలబడ్డాను.

మళ్ళీ ఎక్కి కూర్చుని, కిటికీలోంచి అవతలివైపు చూస్తూ, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే "అన్నయ్యా" అన్నాను. కాస్త ఆగి మళ్ళీ ఒకసారి. ఆయన తువ్వాలు కొసతో స్టీరింగ్ మీది దుమ్ము తుడుచుకుంటున్నాడు.

ఆ ఆదివారం ఆయన్ని అడగకుండానే చేతి స్విచ్ పీకేశాను. ఏసీ నుంచి ఒక తీగ, నీళ్ళ వేడి చూసే స్విచ్ నుంచి ఒక తీగ, రెండూ ఒకే రిలేకి తెచ్చాను. రెంటినీ నేరుగా ముడేస్తే నీళ్ళు వేడెక్కినప్పుడల్లా ఏసీ కూడా దానంతటది మొదలవుతుంది. అలా కాకుండా కరెంటు ఒకవైపే పోయేట్టు దారి వేశాను. గతుకులకి ఊడకుండా రిలేని గూట్లో గట్టిగా కట్టేశాను. చివరికి స్పీడు మీటరు పక్కన చిన్న పసుపు లైటు ఒకటి పెట్టాను. ఫ్యాన్లకి కరెంటు అందుతున్నంతసేపూ అది వెలుగుతుంది. ఏసీ నడుస్తూ అది ఆరిందంటే ఏసీ ఆపెయ్యాలి, అంతే.

అన్నయ్య వచ్చి లైటు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదెందుకు?" అని నా నోటి వైపు చూశాడు. నా కళ్ళ వైపు కాదు. ఎన్నాళ్ళనుంచి అలా చూస్తున్నాడో!

"ఊరికే. అందంగా ఉంటుందని."

"అందంగానే ఉంది" అని తువ్వాలు కొసతో దాన్ని తుడిచాడు.

ఇంటికెళ్ళి వదినని పట్టుకున్నాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"నీకు తెలుసా వదినా?"

"ఏది?"

"అన్నయ్యకి వినపడదని."

చేతిలోని చొక్కా దులిపి తీగ మీద వేసి, రెండు వైపులా సమానంగా లాగింది. "రెండేళ్ళుగా అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఇప్పుడొచ్చి అడుగుతున్నావా, నాయకురాలా?"

"నీ గొంతే అంత అనుకున్నాను."

"అందరూ అదే అనుకున్నారు. మొగుడి మీద నోరేసుకుని పడుతుంది, గయ్యాళి అన్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను. ఆయనకి వినపడదు అనే కంటే నేను గయ్యాళినని అనుకోవడమే నయం కదా."

ఒకే ఇంట్లో ఉంటూ నేనూ అనుకున్నాను ఆ మాట.

"మేనేజరుకి మీరిచ్చే కాగితంలో ఏటేటా డ్రైవర్లకి డాక్టర్ పరీక్ష అని ఒక లైను ఉందటగా" అంది. "ఎవరు రాశారది?"

"నేనే."

"కొట్టేయ్."

"వదినా, ఆ పడిపోయిన మనిషికి గుండె జబ్బుందని ముందే తెలిసుంటే..."

"నీ ఉపన్యాసం గేటు దగ్గర చెప్పుకో. ఇది ఇల్లు. ఆయన్ని ఆ బండి దింపితే ఏమవుతాడో నీకు తెలీదా?"

"వెనకనుంచి ఎవడైనా హారన్ కొడితే?"

బట్టల బుట్ట ఖాళీ అయింది. వదిన ఖాళీ బుట్టలోకి చూస్తూ నిలబడింది. కొట్టేయమని మళ్ళీ అడగలేదు.

ఎండలు ముదిరాయి. బండి మళ్ళీ మరగలేదు. గోడ మీద ఒకటి ఒకటిగానే ఉంది. వేరే డ్రైవర్లు గోడౌన్ దగ్గర వంతులేసుకుని అన్నయ్య క్యాబిన్‌లో పది నిమిషాలు కూర్చుని వెళ్ళేవాళ్ళు. తాబేలైతే ఒకసారి కూర్చుని దిగనని మొండికేస్తే నలుగురు కలిసి లాగారు. ప్రతి ట్రిప్పూ అయ్యాక సందు మొదట్లో రెండు పొట్టి, ఒక పొడుగు. నేను గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఈ హారన్ ఆయనకి వినపడుతుందా, చేతికి అలవాటై కొడుతున్నాడా అని ఆలోచించేదాన్ని. అడగలేదు.

మొదటి మబ్బు పట్టిన రోజు మేనేజరు పిలిచాడు. చిన్న గది. డ్రైవర్లంతా ఒకరి మీద ఒకరు పడేట్టు నిలబడ్డారు. అన్నయ్య గుమ్మం దగ్గర. బల్ల మీద నేను రాసిన కాగితం, మూడు లైన్లు. పన్నెండు బండ్లకీ ఏసీ, నేను చేసిన పద్ధతిలో ఫ్యాన్లు. క్యూ దగ్గర నీడ, మంచినీళ్ళు. ఏటా డ్రైవర్లందరికీ డాక్టర్ పరీక్ష, కళ్ళూ చెవులూ గుండే.

మేనేజరు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "గెలిచావు, ఒప్పుకుంటున్నా. పైన రెండూ ఇప్పుడే సంతకం పెడతా. ఈ మూడోది మాత్రం తీసెయ్యమ్మా. కళ్ళూ చెవులూ చూడటం మొదలెడితే నాకు బండ్లు మిగులుతాయి గానీ డ్రైవర్లు మిగలరు."

గదంతా నవ్వింది. అందరి నవ్వూ అయ్యాక, ఒక్క క్షణం ఆలస్యంగా, గుమ్మం దగ్గర అన్నయ్య నవ్వాడు.

పెన్ను నా చేతిలోనే ఉంది. ఒక్క గీత. మేనేజరే కొట్టేయమంటున్నాడు, ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. వదిన ఆ రాత్రికి పాయసం చేసినా చేస్తుంది.

కాగితం లాక్కుని మూడో లైను కింద నాలుగోది రాశాను. పరీక్షలో తప్పిన డ్రైవర్‌కి డిపోలోనే వేరే పని, అదే జీతంతో. బల్ల మీదికి తోశాను.

"మూడూ ఉంటాయి. నాలుగోది కూడా చదవండి" అన్నాను.

గంటసేపు కొట్లాడాం. ఆయన బల్ల గుద్దాడు, నేనూ గుద్దాను. చివరికి సంతకం పెట్టాడు. గదిలో ఈలలు, చప్పట్లు. నేను గుమ్మం వైపు చూడలేదు.

అన్నయ్య బయట నా కోసం ఆగి ఉన్నాడు. సంతకమైన కాగితం అప్పటికే గోడకి అంటించారు, చదివాడు. ఇద్దరం ఇంటి వైపు నడిచాం. నేను ఆయనకి నా ముఖం కనపడేట్టు ఒక అడుగు ముందు నడిచాను.

"నాలుగోది నా కోసం రాశావా?"

"నీ ఒక్కడి కోసమే కాదు."

"మూడోది?"

నేను ముఖం ముందుకి తిప్పుకున్నాను.

"పోయిన నెల వంతెన మీద ఒక సైకిలాయన" అన్నాడు. "ఎంతసేపు గంట కొట్టాడో పాపం. అద్దంలో చూసేసరికి రెయిలింగుకి అతుక్కుపోయి ఉన్నాడు. తిడుతున్నాడు. నోరు కనపడుతోంది నాకు, తిట్లు కనపడుతున్నాయి. వాడేం నాకు చెల్లెలు కాదుగా, నా గుట్టు దాచిపెట్టడానికి."

ఇంటికి చేరాం. గేటు ఆయనే తీశాడు.

పరీక్ష రోజు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారట. ఒక్కసారీ నొక్కలేదట. "అబద్ధం నొక్కడం రాలేదే" అన్నాడు.

మేనేజరు గేటు దగ్గర పని ఇచ్చాడు, మాట తప్పలేదు. అన్నయ్య ఒక్క పూట కుర్చీలో కూర్చుని లేచి వచ్చేశాడు. "బండ్లు బయటికి పోతుంటే గేటు తీసి మూయమంటావా నన్ను?" అన్నాడు. నాలుగో లైను అందరికీ పనికొచ్చింది. ఎవరి కోసం రాశానో ఆయనకి తప్ప.

వదిన తమ్ముడికి మొక్కల నర్సరీ ఉంది, బస్సులో ఒక పగలంతా పడుతుంది. అక్కడికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు అన్నయ్య డిపోకి వచ్చి బండి లోపలా బయటా తుడిచాడు. డ్యాష్‌బోర్డు ముందు వంగి, నా స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, పసుపు లైటు విప్పాడు.

"ఇది కంపెనీదా, నీదా?"

"నాది."

"అయితే నాది" అని జేబులో వేసుకున్నాడు. ఆ ఖాళీలో నేను మర్నాడు ఇంకోటి బిగించాను.

ఇప్పుడు పన్నెండు బండ్లలోనూ ఏసీ ఉంది, పన్నెండింట్లోనూ లైటుంది. ఎండల్లో ఎవరూ స్టీరింగ్ మీద తల వాల్చలేదు. నేను గెలిచాను, కాదనను. ఇంటికెళ్తే రెండు గదులు. బట్టల తీగ మీద నావి రెండు జతలు. అరిచే గొంతు లేదు. సందు మొదట్లో ఏ బండి మలుపు తిరిగినా చేతిలో పని ఆగుతుంది, ఒంటి హారన్ కొట్టి అది పోతుంది.

అన్నయ్య వారానికోసారి ఫోన్ చేస్తాడు. తనే మాట్లాడి తనే పెట్టేస్తాడు. ఏ మొక్కకి చిగురొచ్చిందో, ఎవరి కొడుక్కి ట్రాక్టర్ తోలడం నేర్పుతున్నాడో. మధ్యలో నేను "ఎప్పుడొస్తావు?" అంటాను. "ఆఁ, సరే మరి, ఉంటా" అంటాడు.

పోయిన శీతాకాలంలో వదిన పోరు పెట్టింది, ఫోన్ మోగుతుంటే పక్కనే కూర్చుని ఉలకడు పలకడు, నువ్వొచ్చి ఏదో ఒకటి చెయ్యమని. వెళ్ళాను. వాళ్ళింట్లో గోడకి ఉండే పాత తీగల ఫోను. గంట మోగే కరెంటుతో నడిచేట్టు చిన్న రిలే పెట్టాను. ఆ పసుపు లైటేది అన్నాను. అన్నయ్య అల్మైరాలోంచి తీసి ఇచ్చాడు, గుడ్డముక్కలో చుట్టి ఉంది. ఆయన కూర్చునే చోట, కళ్ళకి ఎదురుగా బిగించాను. ఫోన్ మోగినంతసేపూ వెలుగుతుంది.

అప్పటినుంచీ మధ్యాహ్నం అన్నం తిన్నాక చేస్తాను. ఒకసారి మోగించి పెట్టేస్తాను. మళ్ళీ ఒకసారి. మూడోసారి పొడుగ్గా మోగనిస్తాను, అదే ఆగేదాకా. అక్కడ ఎవరూ ఎత్తరు. ఎత్తొద్దని నేను చెప్పలేదు.

నిన్న తాబేలు బండి కింద పడుకుని ఉన్నాను. ఇంజన్ ఆన్‌లో ఉంది, నీళ్ళు వేడెక్కి ఫ్యాన్లు వాటంతటవే అందుకున్నాయి. బల్ల మీద నా ఫోను మోగింది, ఆగిపోయింది. మళ్ళీ మోగింది, ఆగిపోయింది. నేను బండి కిందనుంచి పాక్కుంటూ వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బల్ల ముందు నిలబడ్డాను.

మూడోసారి మోగడం మొదలెట్టింది.

"ఫోన్ ఎత్తవేంటి చెల్లెమ్మా?" అన్నాడు తాబేలు క్యాబిన్‌లోంచి.

"ఎత్తితే ఆగిపోతుంది" అన్నాను.